గోడ తీసిన అత్త

మొన్న తిరుపతిలో ఆటో ఎక్కి తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణమండపం పేరు చెబితే, డ్రైవరు "ఈ సందులో దూరితే తొందరగా పోవచ్చు సార్" అంటూ బండి తిప్పాడు. మేం వెళ్తున్నది ఒకప్పటి మా మేనత్త పెరట్లోంచి అని అతనికి చెప్పలేదు. చెప్పినా హారన్ల మోతలో వినపడేది కాదు.

తొంభైలలో ఊరు పొలాల మీదికి పాకుతున్న కాలం. ఎవరి పొలంలో వాళ్లు ప్లాట్లు వేసుకున్నారు, ఎవరి వీధులు వాళ్లు గీసుకున్నారు. పక్కవాడి వీధితో కలపాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. అత్తావాళ్ల వీధి వాళ్లింటితోనే ఆగిపోయేది. పక్కన కనకాంబరాల పెరడు, దాని చివర గోడ, గోడకవతల ఇంకో కాలనీ. అవతల పోపు వేస్తే ఇవతల మాకు తుమ్ములొచ్చేవి గాని, అక్కడికి పోవాలంటే మెయిన్ రోడ్డెక్కి యాత్రికుల బస్సుల మధ్య చుట్టు తిరగాల్సిందే.

ఒక వానాకాలం మధ్యాహ్నం నేను అక్కడ భోంచేస్తుండగా గోడ అవతలి నుంచి టైలర్ భాయ్ కేక వేశాడు. "అక్కా, మా బిడ్డకు నొప్పులొచ్చినాయి. మా పక్క దోవంతా నీళ్లు. ఆటోవాడు మీ ఈదిలోకైతే వస్తానంటా ఉండాడు!"

తొలి కాన్పు. నిండు చూలాలిని గోడ ఎలా దాటిస్తారు? మామ నిచ్చెన కోసం వెతుకుతుంటే, అత్త కొంగు బిగించి గడ్డపార తెచ్చి నా ఎంగిలి చేతికే ఇచ్చింది. "సూస్తా నిలబడినావేమప్పా, పొడువు!" నేను ఇటునుంచి, భాయ్ అటునుంచి పొడిచాం. మట్టితో కట్టిన గోడ, వానకు నానిందేమో, తొందరగానే కూలింది. అత్త ఆ అమ్మాయిని పొదివి పట్టుకుని, కనకాంబరాలు తొక్కుకుంటూనే నడిపించి ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని కబురొచ్చింది.

వారం తిరక్కుండా మామ మేస్త్రీని పిలిపించాడు. అత్త అడ్డంగా నిలబడి గోడ వద్దంది.

"ఊరంతా మనింట్లోనే నడస్తారే!" అని మామ మొత్తుకున్నాడు.

"నడవనీ. ఈదంటే దేనికి మరి? ఆ పక్క పిల్లకాయలు బస్సుల మధ్యలో ఇస్కూలుకు పోతా ఉంటే నాకు గుండె దడగా ఉండాది."

మామ గొణుక్కుంటూనే మేస్త్రీని వెనక్కి పంపేశాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించడం ఆయనకే వ్యసనమైంది. మొదట బడిపిల్లలు, పూలబుట్టలు, తర్వాత సైకిళ్లు, స్కూటర్లు. కొన్నేళ్లకు మునిసిపాలిటీవాళ్లు వచ్చి సిమెంటు పోశారు.

అత్త పోయి చాలా కాలమైంది. ఆ దోవకు ఆమె పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆమె అడిగి ఉండేదీ కాదు. కాలం గడిచేకొద్దీ మంచి పనులన్నీ ఇలాగే అయిపోతాయి కాబోలు. ఎవరు చేశారో ఎవరికీ గుర్తుండదు, ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపిస్తాయి.