తౌనో తాత వేసుకున్న మార్కులు

తౌనో తాతకి కేన్సర్ ఎముకల్లోకి పాకింది. ఆసుపత్రి నర్సు పిర్కో ఇంటికొచ్చి, "పోయిన వారం మీ బతుకు ఎలా గడిచింది? పదికి ఎన్ని మార్కులేస్తారు?" అని అడిగింది. మార్కులు తక్కువైతేనే నొప్పి మందిచ్చే మనిషిని రోజూ పంపిస్తారు.

"ఎనిమిది," అన్నాడు తాత.

రాత్రంతా దిండు కొరుకుతూ మూలిగిన మనిషి! మా ఫిన్లాండు మగవాళ్ళంతా ఇంతే. ఇల్లు తగలబడుతున్నా పరవాలేదంటారు.

"ఎనిమిదా? నీ మొహానికి రెండే ఎక్కువ, ముసలోడా!" అంది తాత పెళ్ళాం హిల్యా అవ్వ.

"ఆవిడ అడిగింది మొహానికి కాదే, బతుక్కి."

బడి మధ్యలో మానేసినదాన్ని, చదువుకున్నవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అయినా ఉండబట్టలేక, "సౌనాకి ఆఖరిసారి ఎప్పుడెళ్ళాడో అడగండక్కా," అన్నాను. ప్రతి శనివారం ఆ ఆవిరిగదిలో వేడెక్కువగా తగిలే పైబల్లెక్కి, అందరికన్నా ఆఖర్న దిగేవాడు. వేసవి నుంచి దాని గడప తొక్కలేదు.

పిర్కో కాగితం తిరగేసింది. "ఆ ప్రశ్న ఇందులో లేదమ్మా. ఆయన చెప్పిందే రాయాలి."

"నువ్వే చెప్పు తాతా!"

"నాకన్నా కష్టంలో ఉన్నోళ్ళు లేరా?" అని కిటికీ వైపు తిరిగాడు.

ఆమె ఎనిమిదే రాసుకుని వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరగ్గానే, "సౌనా పొయ్యి వెలిగించవే," అన్నాడు తాత. పైకి ఎక్కలేక, చిన్నపిల్లలు కూర్చునే కింది బల్ల మీద కూలబడ్డాడు. అక్కడికి సరిగా వేడే రాదు. నాకు ఒళ్ళు మండి, పొయ్యి మీద కాలిన రాళ్ళపై గరిటెడు నీళ్ళు విసిరికొట్టాను. గుప్పున వేడి ఆవిరి లేచింది.

"ఇప్పుడు చెప్పు, ఎన్ని మార్కులు?"

పళ్ళు బిగబట్టి, "ఏడు," అన్నాడు.