కట్టిన గోడకు సమ్మెట

ఈ రోజు పొద్దున మట్టెవాడలో మా హార్డ్‌వేర్ షాపుకు సరోజనక్క వచ్చింది. సర్కారు సాయంతో ఇల్లు కట్టుకుంటోంది. సిమెంటు, సలాక మొత్తం మా దగ్గరే తీసుకుంది. ఈసారి మాత్రం సమ్మెట అడిగింది.

"గోడలు లేచినయ్ గదక్కా, ఇప్పుడు సమ్మెటెందుకు?" అన్నాను.

"కూలగొట్టెతందుకే తమ్మీ! నిన్న ఇండ్ల స్కీము సారొచ్చి టేపు పట్టిండు. ఇల్లు రూల్ కన్నా పెద్దగున్నదట. మా అత్తమ్మ మంచమేసుకోవాలె గదా అని అర్ర రెండడుగులు పెంచిన. ఆ గోడ తీసేదాక ఫోటో కొట్టడట. ఫోటో లేకుంటే సర్కారు పైసల బిల్లు రాదట."

రంగు డబ్బా కోసం వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యలో అందుకున్నాడు. "సర్కారు ఊకె ఇస్తాంటే రూల్ పాటించాలె గదమ్మా!"

"అయితే మా అత్తమ్మను గూడ రెండడుగులు కోసెయ్యమంటవా అన్నా?"

ఆయన మళ్లీ రంగుల కార్డులో తల పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. బేస్‌మెంట్ వేసినప్పుడు కూడా ఆ సారే వచ్చి ఫోటో తీసుకున్నాడట. అప్పుడు టేపు ఇంట్లో మరిచిపోయాడా? గీత దాటితే పునాది దగ్గరే ఆపొచ్చు కదా!

సిమెంటు అమ్మిన చేత్తోనే అదే గోడకు సమ్మెట కూడా అమ్మబుద్ధి కాలేదు. గోదాంలో మేం వాడుకునేది తెచ్చి ఇచ్చాను. "పనైనంక తెచ్చియ్యక్కా" అన్నాను. ఆమె దాన్ని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది.

పేదల ఇళ్లకు ఇంత చేస్తున్నామంటూ ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. మీ దిక్కు సార్లు గోడ లేవకముందు కొలుస్తున్నారా, లేచాక కొలుస్తున్నారా? కామెంట్లో చెప్పండి. దాన్నిబట్టి సమ్మెటల స్టాకు తెప్పిస్తాను.