లాంచీ దిగి ముందే వచ్చేసిన రోజు

పాపికొండలు చూసొద్దామన్నది మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు. వాళ్ళు భిలాయిలో ఉండేవారు. రెండేళ్ళకోసారి వేసవి సెలవులకి కొవ్వూరు వచ్చేవారు. ఆ ఏడు వస్తూనే తమ్ముడితో, "గోదారి గట్టున పుట్టి పెరిగి పాపికొండలు చూడలేదంటే అక్కడ అందరూ నవ్వుతున్నారురా" అన్నారు. మర్నాడు ఆయన వెళ్ళి లాంచీకి నాలుగు టిక్కెట్లు తెచ్చేశారు. అక్కాబావలకి రెండు, ఆయనకొకటి, నాకొకటి. అప్పటికి మా పాపకి ఎనిమిదో నెల.

"పిల్లని ఎండలో తిప్పకండి. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడమే కదా, నేను చూసుకుంటాను" అన్నారు అత్తయ్యగారు. వెళ్తావా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే వెళ్తాననే చెప్పేదాన్ని. పురుడు పోసుకుని వచ్చాక నేను ఇల్లు కదిలింది పిల్లకి టీకాలు వేయించడానికీ, ఒక పెళ్ళికీ మాత్రమే. లాంచీ ఎక్కుతానన్న సంతోషంతో ముందురోజు సరిగా నిద్ర కూడా పట్టలేదు.

తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి డబ్బాలకెత్తాను. బయల్దేరే ముందు నిద్రలో ఉన్న పిల్లకి పాలిచ్చాను. బస్సు తాళ్ళపూడి దాటేసరికే పిల్ల లేచిందేమో, ఏడుస్తోందేమో అన్న ధ్యాస పట్టుకుంది. పట్టిసంలో లాంచీ రేవు దగ్గర ఎస్టీడీ బూత్ కనిపిస్తే, మంచినీళ్ళకని చెప్పి వెళ్ళి మా ఎదురింటివాళ్ళ నంబరు తిప్పాను. వాళ్ళు వెళ్ళి అత్తయ్యగారిని పిలుచుకొచ్చేదాకా గోడకి అంటించిన బస్సుల టైములన్నీ చదివాను.

"ఇంకా నిద్రే లేవలేదమ్మాయ్. నువ్వెళ్ళి గంటన్నరేగా అయింది" అన్నారావిడ.

"ఉగ్గులో ఉప్పు వేయకండి అత్తయ్యగారూ."

"ముగ్గుర్ని పెంచాను" అని ఫోను పెట్టేశారు.

లాంచీ పైఅంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. మైకులో పాటలు. మాకు రెండు వరసల ముందు ఒకావిడ ఒళ్ళో చంటిపిల్లాడు ఉన్నాడు. పోలవరం దాటాక వాడు ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు చెవిన పడగానే నాకు పాలు చేపుకొచ్చాయి. పిల్ల దగ్గర లేకపోయినా, పక్కవాళ్ళ పిల్లాడు ఏడ్చినా, ఒంటికి ఆ తేడా తెలియదు. వదినగారు భిలాయి నుంచి తెచ్చిన లేతాకుపచ్చ చీర కట్టుకున్నాను. జాకెట్టు తడిసి చీర మీదికి కూడా వచ్చేసింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుని కూర్చున్నాను.

"ఏంటమ్మాయ్, చలేస్తోందా? మే నెలలో?" అన్నారు వదినగారు.

"లేదండీ, ఎండకి" అన్నాను.

లాంచీ వెనకాల చిన్న బాత్రూము ఉంది. దానికి ఆనుకునే ఇంజను గది. డీజిలు వాసన, కాళ్ళ కింద అదురు. అక్కడ గోడకి ఆనుకుని నిలబడి కాసిని పాలు పిండుకున్నాను. రెండు నిమిషాలకే ఎవరో తలుపు కొట్టడం మొదలుపెట్టారు. సగంలోనే బయటికొచ్చాను. అలా నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి వెళ్తుంటే అన్నయ్యగారు, అంటే వదినగారి భర్త, "పులిహోర పడలేదా అమ్మా?" అని ఎంతో బాధగా అడిగారు. మంచి మనిషి. అవునన్నాను.

కొండలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండు పక్కలా దగ్గరికి జరిగాయి, నీళ్ళు నల్లబడ్డాయి, ఇంజను చప్పుడు కొండకి తగిలి మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. అందరూ కుర్చీల్లోంచి లేచి కమ్మీల దగ్గరికి వెళ్ళారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని "చూడు, చూడు" అన్నారు. చూశాను. పదకొండూ పది అయింది. పాపకి పాలిచ్చి ఆరు గంటలు దాటింది. పేరంటాలపల్లిలో అందరూ కొండమీద ఆశ్రమం చూడ్డానికి మెట్లెక్కారు. నేను మొదటి మెట్టు మీదే కూర్చుని, వాళ్ళు దిగొచ్చేదాకా ఎదురు చూశాను. అప్పటికి రొమ్ములు రాళ్ళయిపోయి, చేతులు కదిపితే నొప్పి.

తిరుగు ప్రయాణంలో కొండల సందు దాటి గోదారి వెడల్పయ్యాక, రెండున్నర ప్రాంతంలో, లాంచీ కింద బరబరమని చప్పుడైంది. కుర్చీలు ముందుకి జారాయి. లాంచీ ఆగిపోయింది.

లాంచీ నడిపే సరంగు కిందికి దిగి చూశాడు. నడుం లోతు కూడా లేవు నీళ్ళు. పనివాళ్ళు గెడలేసి నెట్టారు. తర్వాత బరువు తగ్గించడానికి మగవాళ్ళని దిగమన్నారు. అన్నయ్యగారు ప్యాంటు మడిచి అందరికంటే ముందు దిగారు. అరగంట నెట్టినా కదల్లేదు.

"ఇసకలో కూర్చుండిపోయిందండి. పైనింకో లాంచీ ఉందండి, అదొచ్చి తాడేసి లాగేత్తాది. కంగారేం లేదండి" అన్నాడు సరంగు.

"ఎప్పుడొస్తుందండీ అది?" అని అడిగాను.

"వచ్చేత్తాదండి, చీకటడేలోపు."

చీకటి పడేలోపు అన్న మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను. ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్ళీ ఆ చివరకి తిరిగాను. అందరూ టీలు తాగుతున్నారు. ఎవరో మైకు తీసుకుని పాట పాడుతున్నారు. ఒక్కళ్ళకీ తొందర లేదు. వదినగారు చెప్పులు విప్పి పక్క కుర్చీ మీద కాళ్ళు చాపుకుని, "ఇలా ఆగిపోవడమే బాగుంది" అన్నారు.

మూడున్నరకి ఇంజను బిగించిన నాటుపడవ ఒకటి గట్టువారగా కిందికి వస్తూ మా దగ్గర నెమ్మదించింది. నిండా చింతపండు బుట్టలు. ముందు భాగంలో ఒక పెద్దావిడ నల్లగొడుగు వేసుకుని కూర్చుంది. పడవ నడిపే అతను సరంగుతో మాట్లాడుతున్నాడు. నేను కమ్మీ మీంచి వంగి అడిగాను.

"పోలవరం వెళ్తుందాండీ?"

"ఎల్తాదమ్మా, సరుకు అక్కడికే" అంది పెద్దావిడ.

"నన్ను ఎక్కించుకుంటారా?"

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "రా" అంది.

మా ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత నా ముఖం చూసి, "నేనూ వస్తానుండు" అన్నారు. ఈలోపు వదినగారు కాళ్ళు దించారు.

"ఏంటిది? నలుగురితో వచ్చి మధ్యలో దిగిపోవడమేంటి? ఎవరి పడవో ఏంటో. అమ్మ దగ్గరేగా ఉంది పిల్ల, అడవిలో వదిలేసొచ్చావా?"

"అది కాదక్కా, తనకి..." అని ఆయన ఆగిపోయారు. అంతమందిలో ఆ మాట ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు.

"నేను ఉండలేనండీ" అన్నాను వదినగారితో. ఆవిడకి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "మీరుండండి, వదినగారితో రండి" అని ఆయనతో చెప్పి సంచీ తీసుకున్నాను. సరంగు బల్ల వేశాడు. ఆయన చెయ్యి పట్టుకుని దింపి, పడవతనితో "జాగ్రత్తండీ" అని రెండుసార్లు చెప్పారు. లాంచీ మీదున్నవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. మైకులో పాట కూడా ఆగింది.

పడవ వంపు తిరిగి లాంచీ కనుమరుగయ్యాక పెద్దావిడ అడిగింది.

"పసిబిడ్డుందా?"

"ఉందండి. ఎనిమిదో నెల."

"పొద్దున్నించీ ఇయ్యలేదా? జొరమొచ్చేత్తాది తల్లీ అలా వదిలేత్తే. ఇటు తిరుగు." ఆవిడ గొడుగు నాకూ పడవతనికీ మధ్య అడ్డంగా పట్టుకుంది. "పడవలో పొయ్యకు, పాలు తొక్కకూడదు. గోదాట్లోకి పిండెయ్."

పడవ అంచు మీదికి వంగి పిండుకున్నాను. మొదట నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత సన్నగా ధారలు. నీళ్ళలో పడి తెల్లగా ఒక్క క్షణం కనిపించి వెనక్కి పోయేవి. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆవిడ గొడుగు దించలేదు, చెయ్యి మార్చుకుంది. తను పోలవరం సంతలో చింతపండు అమ్ముతాననీ, కొండమీద ఊళ్ళన్నీ తిరిగి కొనుక్కొస్తాననీ, తన రెండో పిల్లకి పాలిచ్చింది కూడా ఎక్కువగా పడవలోనేననీ, నా వైపు చూడకుండా గట్టుతో చెబుతున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత జరిగిందే నేను ఎవరికీ చెప్పనిది. నొప్పి తగ్గాక చీర సర్దుకుని బుట్టల మీద చేరబడ్డాను. ఎండ కొంచెం పల్చబడింది. పడవ నీళ్ళకి దగ్గరగా ఉంటుంది కాబట్టి చెయ్యి చాపితే గోదారి తగిలేది. చెయ్యి అలాగే నీళ్ళలో వేలాడేశాను. ఆవిడ ఇచ్చిన చింతపండు ఉండ చప్పరిస్తూ గట్టు మీద ఊళ్ళు చూశాను: నీళ్ళలో పడుకున్న గేదెలు, ఇసుకలో పుచ్చపాదులు, బట్టలు ఉతుకుతూ తలెత్తి చూసిన ఆడవాళ్ళు. అంతకు ముందు చూసిన కొండలు గుర్తులేవు గానీ ఇవన్నీ గుర్తున్నాయి. పోలవరం రేవు కనిపించి ఆవిడ "వచ్చేశాం" అన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. పిల్ల కోసం లాంచీ దిగి వచ్చినదాన్ని, దాదాపు గంటసేపు పిల్లని తలుచుకోనే లేదు. నా ఒంటికి ఎవరితోనూ పనిలేకుండా, ఎక్కడికి వెళ్తున్నానో కూడా పట్టకుండా కూర్చున్నాను. సిగ్గనిపించింది. ఇంకొంచెం దూరం ఉంటే బాగుండుననీ అనిపించింది.

బస్సులో మళ్ళీ కంగారు మొదలైంది. పొద్దుటి కంటే ఎక్కువగా. గూటాలలో డ్రైవరు టీ కోసం ఆపితే కిటికీ కమ్మీ పట్టుకుని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. స్టాండు నుంచి ఇంటిదాకా దాదాపు పరిగెత్తాను.

పాప వీధరుగు మీద అత్తయ్యగారి ఒళ్ళో కూర్చుని గరిటెతో గిన్నె మీద కొడుతోంది. నన్ను చూసి ఒక క్షణం ఆగి, మళ్ళీ కొట్టింది.

"ఒక్కదానివే వచ్చావేం? వాళ్ళేరీ?" అని అత్తయ్యగారు కంగారుగా లేచారు. అంతా చెప్పాను. "మధ్యాహ్నం ఒక్కసారి ఏడ్చింది. ఆవుపాలు చెంచాతో పట్టాను, తాగి పడుకుంది. దీనికోసం ఇంత హైరానా ఏంటి?" అన్నారు. పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. నాలుగు గుక్కలు తాగి ఇటు తిరిగి నవ్వింది. దానికి అంత ఆకలి లేదు.

నేను వచ్చిన నలభై నిమిషాలకి వాళ్ళూ వచ్చేశారు. నేను దిగిన గంటలోపే రెండో లాంచీ వచ్చి లాగేసిందట. అన్నయ్యగారు నవ్వుతూ చెప్పారు గానీ వదినగారు నవ్వలేదు. వాళ్ళు తిరిగి వెళ్ళేదాకా, నాలుగు రోజులు, నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. "దార్లో భయం వేసిందా?" అని మా ఆయన అడిగారు. లేదన్నాను. చింతపండు ఆవిడ గురించి చెప్పాను, గొడుగు సంగతి కూడా చెప్పాను. మిగతాది చెప్పలేదు.

వాళ్ళు రైలెక్కే రోజు మధ్యాహ్నం, వంటింట్లో నేనూ వదినగారూ భిలాయికి ఆవకాయ సర్దుతున్నాం. ఆవిడ జాడీ మూతికి గుడ్డ చుట్టి వాసెన కడుతున్నారు. నా వైపు చూడకుండానే మొదలుపెట్టారు.

"మా పెద్దాడికి ఐదో నెలలో నాకు టీచరు ట్రైనింగ్ వచ్చింది. ఎక్కడో దూరం. వాణ్ణి అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. గుడ్డ బిగించి కట్టుకున్నాను, వారం రోజులు జ్వరం. తర్వాత పాలు ఎండిపోయాయి."

నేను గరిటె కింద పెట్టి ఆవిడ వైపు తిరిగాను.

"అప్పుడు నాకు దిగి వచ్చేయాలని తోచనే లేదు. ఎవరైనా అలా వచ్చేయొచ్చని నాకు తెలియదు" అన్నారు. అది నిష్ఠూరమో, మెచ్చుకోలో ఆ గొంతులో తేలలేదు. ముడి బిగించి జాడీ నా వైపు జరిపారు. "రెండోది పట్టుకో అమ్మాయ్, దీనికి గుడ్డ చాలదు, పెద్దది తే."

పెద్ద గుడ్డ కోసం లోపలికి వెళ్ళాను.