మామా గదికి లాగిన ఫోన్ లైన్

పోయిన నెల ఇన్సూరెన్సు కాగితం కోసం ఒక ఆఫీసులో కూర్చుని ఉండగా, కౌంటరు వెనకాల ఫ్యాక్స్ మిషను కూసింది. ముందు సన్నని ఈల, దాని వెంట గరగరమనే రొద, ఆ తరవాత వేడి కాగితం వాసన. ఇంకా ఇది వాడుతున్నారా అని పక్కనున్న అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ ఈల చెవిన పడగానే కుర్చీలోంచి సగం లేచాను, ఎవరో నన్ను పిలవబోతున్నట్టు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మేమందరం ఇంటి యజమానురాలిని మామా అనే అంటాం. ఎన్నో ఇళ్ళు మారాను, ఎందరినో అలా పిలిచాను. కాని ఆ మాటకు నా మనసులో కనిపించే ముఖం ఒకటే.

నేను పనికి కుదిరిన మొదటి ఇల్లు అది. రాయచోటి పక్క పల్లెనుంచి వచ్చినదాన్ని, అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఊరి నడుమ పాతకాలపు మేడ, మూరెడు మందం గోడలు. కింద పెద్దకొడుకు ఫహద్ ఆఫీసు, మగవాళ్ళు కూర్చునే దివానియా. పైన మామా గది. మోకాళ్ళు పట్టేసి ఆమె మెట్లు దిగడం మానేసింది. షుగరు వల్ల చూపు కూడా మందగించి, మనుషులు ఆమెకు నీడల్లా కనిపించేవారు. నోరు మాత్రం పదును. టీలో పంచదార తక్కువైతే కర్ర నేలకేసి కొట్టేది. మొదటి నెలంతా నేను ఆమెకు భయపడుతూనే బతికాను.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, యూసుఫ్. తల్లి చిన్నప్పుడే పోతే మామాయే పెంచిందట. బడిపంతులుగా పనిచేసి మానుకున్నాడు. గొంతులో పుండు లేచి వైద్యానికి విదేశం వెళ్తే, ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు గాని మాట పోయింది. ఫోనులో మాట్లాడలేడు. చేతి ఫోన్లలో ఫొటోలు పంపుకునే రోజులు ఇంకా రాలేదు. అందుకని కాగితం మీద రాసి, ఆసుపత్రినుంచి ఫహద్ ఆఫీసుకు ఫ్యాక్స్ పంపేవాడు. అది ఏ ఫైలు కిందో పడి ఉండి, గుర్తొచ్చినప్పుడు పైకి వచ్చేది. ఫహద్ గుమ్మంలోనే నిలబడి కళ్ళతో గబగబా చూసి, "బాగున్నాడట, సలాం చెప్పమన్నాడు" అని వెళ్ళిపోయేవాడు. మంచివాడే, తీరికలేనివాడు.

ఇంట్లో మాట్లాడే అరబ్బీ నాకు కాస్త పట్టుబడ్డాక, ఒకరోజు మామా ఆ కాగితం చేతిలో పట్టుకుని వేళ్ళతో తడుముతూ, నాతోనో తనలోనో అన్నది: "వీళ్ళు చదవరు, చెప్తారు. నాకు వాడి మాటలు కావాలి."

మర్నాడు కొడుకును పిలిచి, ఫ్యాక్స్ మిషను తన గదిలో పెట్టించమంది. పాత ఇల్లు, గోడలకు బెజ్జాలు కొడితే పెచ్చులూడతాయి, ఎలాగూ రెండు మూడేళ్ళలో పడగొట్టి కొత్తది కట్టుకుంటాం అని అతను సణిగాడు. "అయితే నన్ను పడగొట్టాక కట్టుకో" అంది. అంతటితో ఖలాస్, మాట ముగిసింది.

లైన్ వేయడానికి వచ్చిన మల్లేశం అన్నది జగిత్యాల దిక్కు. మహబూలాలో ఒక గదిలో పదిమందితో ఉండేవాడు. నేను తెలుగుదాన్నని తెలిసి ముఖం వెలిగిపోయింది.

"గోడ తొలచకుండా అయ్యేది లేదాన్నా? పెద్దకొడుకు గొణుగుతాండాడు" అన్నాను.

"లోపటి పైపు ఎప్పుడో పూడుకపోయిందక్కా. వైరు జరుగుతలేదు. బయటికెళ్ళి పైకి తీస్కపోవాలె" అన్నాడు. అమ్ఘరా పాతసామాన్ల కొట్టునుంచి తెచ్చిన వైరు చుట్ట భుజాన వేసుకుని, ఆఫీసు కిటికీలోంచి బయటికి తీసి, గోడ వెంబడి మేకులు కొట్టుకుంటూ, ఏసీ సందులోంచి మామా గదిలోకి తెచ్చాడు. లైను ఒకటే కనుక, కింద ఎవరైనా ఫోనెత్తితే పైన వచ్చే ఫ్యాక్స్ మధ్యలో తెగిపోతుందని మామాకు నాతో చెప్పించాడు. ఆ రోజునుంచి సాయంకాలపు అస్ర్ నమాజు తరవాత కింద ఎవరూ ఫోను ముట్టకూడదని మామా హుకుం. దివానియాకు వచ్చే పెద్దమనుషులు కూడా ఆ వేళకు చేతులు కట్టుకుని కూర్చునేవారు.

మిషను వచ్చింది. చదివేవాళ్ళు ఎవరు? మామా నన్ను పిలిచి పక్కన కూర్చోమంది, నా అరచేయి తెరిచి, వేలితో ఒక గీత గీసింది. "అలిఫ్" అంది. అలా మొదలైంది నా చదువు. పలకా బలపమూ నా అరచేయే. తప్పు చెప్తే వేలిమీద చిన్న దెబ్బ. యూసుఫ్ పంతులు కాబట్టి, తన రాత ఇంట్లో ఎవరు చదువుతున్నారో తెలిసిందో ఏమో, అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాయడం మొదలుపెట్టాడు. అరబ్బీ రాతలో అచ్చులు చాలావరకు రాయరు. నేను హల్లులు కూడబలుక్కుని పలికేదాన్ని, మామా మధ్యలో అచ్చులు నింపుకుని మాట చేసుకునేది. రాతలోని మాటల అర్థం నాకు తెలియదు. నా నోట్లోంచి తమ్ముడి మాటలు బయటికి వస్తుంటే, ఆమె ముఖంలో నవ్వో దిగులో చూసి అది ఎలాంటి మాటో ఊహించుకునేదాన్ని.

ఒకసారి "నా కల్బ్ నొప్పిగా ఉంది" అని చదివాను. మామా కడుపు పట్టుకుని నవ్వింది. "నా తమ్ముడు కుక్కను ఎప్పుడు పెంచాడే? గొంతు లోపలినుంచి పలుకు, అప్పుడే అది గుండె." ఆ రెండు అక్షరాల తేడా తెలిసేదాకా వదలలేదు. నవ్వు ఆగాక మాత్రం, వాడి గుండెకు ఏమైందో అని గొణుక్కుంది.

మెల్లగా మాటలు అర్థం కాసాగాయి. సముద్రం ఒడ్డున చిన్నప్పుడు తప్పిపోయిన సంగతి, అక్క వండిన చేపల అన్నం రుచి, ఆసుపత్రి కిటికీలోంచి కనిపించే వాన. ఇంట్లో ఎవరికీ తెలియని ఆ అక్కాతమ్ముళ్ళ లోకంలోకి నేనొక్కదాన్నే వెళ్ళివచ్చేదాన్ని. మామా నన్ను పేరు పెట్టి పిలవడం మాని, "బింతీ" అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో గుర్తులేదు. నా బిడ్డా అని దానర్థం.

తరవాత ఒక వారం ఫ్యాక్స్ రాలేదు. మామా మిషను పక్కనే కూర్చుని, లైను పాడైంది, మల్లేశాన్ని పిలవమంది. అతను వచ్చి కిటికీనుంచి గదిదాకా వైరంతా తడిమి చూశాడు. వరండాలోకి నన్ను పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: "లైన్ మంచిగనే ఉన్నదక్కా. అటుకెళ్ళే వస్తలేదు."

"ఆమెకేం చెప్పేదన్నా?"

"సూసిన, మంచిగున్నదని చెప్పు. అంతకు మించి మనకేం తెల్సు?"

ఆ మరుసటి సాయంత్రమే ఈల వినిపించింది. మామా నిటారుగా కూర్చుంది. కాగితం చేతిలోకి తీసుకున్నాను. రాత వేరు. మొదటి వరుస మొదట్లోనే ఉన్న మాట నాకప్పటికి తెలుసు. ఎవరైనా పోయినప్పుడు పేపర్లో వేసే మాట అది. తలెత్తితే గుమ్మంలో ఫహద్. అతనికి చేతి ఫోనులో అప్పుడే తెలిసినట్టుంది, ముఖం పాలిపోయింది. వద్దు, ఇప్పుడు చదవొద్దు అని చేత్తో సైగ చేశాడు. డాక్టరు వచ్చాక నెమ్మదిగా చెప్పాలని అతని ఆలోచన. అది తప్పని నేననను. నా వీసా, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు, నా తిండీ అన్నీ అతని చేతిలోవి.

"చదువు బింతీ" అంది మామా.

ఆమె నావైపే ముఖం తిప్పుకుని ఉంది. ఇన్నాళ్ళూ నేనేం పలికితే అది తమ్ముడి మాటేనని నమ్మిన ముఖం. కళ్ళు దించుకుని మొదలుపెట్టాను. "ఇన్... త... ఖ... ల..."

నేను తరువాతి మాటకు వెళ్ళేలోపు ఆమే పూర్తిచేసింది. "ఇలా రహ్మతిల్లా." అల్లా దయలోకి వెళ్ళిపోయాడు.

మామా, "మిగతాది" అంది. చివరి వారం నాన్న కలం పట్టుకోలేకపోయాడని, అందుకే రాయలేదని యూసుఫ్ కొడుకు రాశాడు. అదంతా చదివాను. ఫహద్ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. బయటికి వెళ్తూ నాతో, "నేను వద్దన్నాను కదా" అన్నాడు. వెనకనుంచి మామా అంది: "దాన్ని ఏమీ అనకు. ఈ ఇంట్లో నాకు చదివి వినిపించింది అదొక్కతే."

తమ్ముడు పోయాక మామా ఇక అడ్డు చెప్పలేదు, మరుసటి ఏడాది ఆ ఇల్లు పడగొట్టారు. మామా తన కొడుకు కొత్త ఇంటికి వెళ్ళింది, అక్కడ పనికి వేరేవాళ్ళున్నారు. నన్ను ఇంకొక కఫీల్‌కు, అంటే వీసా యజమానికి, మార్చారు. వెళ్ళేరోజు ఆమె నా అరచేయి తీసుకుని ఏదో రాయబోయి, రాయకుండానే వేళ్ళు ముడిచింది.

మామా చనిపోయిన సంగతి మల్లేశం అన్న ఫోన్‌చేస్తేనే తెలిసింది. అప్పటికే ఖననం అయిపోయింది. కొత్త యజమానురాలిని బతిమాలి, సంతాపం మూడో రోజున వెళ్ళాను. నల్లబట్టల్లో ఆడవాళ్ళు గోడవారన కూర్చుని ఉన్నారు. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, నన్ను గుర్తుపట్టిన కోడలు, "మంచిదైంది వచ్చావు" అంటూ కాఫీ కూజా నా చేతికిచ్చింది. వరసగా అందరికీ పోశాను. ఒక ముసలావిడ ఎవరీమె అని అడిగితే, "పాత పనిమనిషి" అని ఎవరో చెప్పారు. నా కన్నీళ్ళు కూజా మీద పడకుండా తల తిప్పుకున్నాను. చివరిదాకా కూర్చోలేదు.

ఇప్పుడు నేను ఇళ్ళల్లో పనిచేయడం లేదు. కువైట్‌లోనే ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా వైపు ఆడవాళ్ళు ఆసుపత్రి కాగితాలు తెచ్చి చదివించుకుంటారు. సారాంశం చెప్పి పంపెయ్యడం సులువు. అది నాకు చేతకాదు. ఎవరి బతుకు గురించి రాశారో, ఆ మాటలు వాళ్ళవే అనిపిస్తుంది. వాటిని కుదించే హక్కు నాకెక్కడిది? అందుకే కొన్ని సాయంత్రాలు బరువుగా గడుస్తాయి.

నిన్న పీలేరు దగ్గరినుంచి వచ్చినావిడ తన రిపోర్టు చాపి, "మంచిదే రాసినారాక్కా?" అంది. మంచిది కాదు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. "వాళ్ళు రాసిందంతా చెప్తా. నిదానంగా విను" అన్నాను. తెలుగులోకి మార్చుకుంటూ ఒక్కో వరుసా చెప్పాను. మధ్యలో ఆమె ఏడ్చింది. ఆగాను గాని ఏదీ వదలలేదు. అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంగొకసారి చెప్పక్కా, సరిగా విన్లేదు" అంది.

మళ్ళీ మొదటి వరుసనుంచి మొదలుపెట్టాను.