మైదానానికి వీపు పెట్టిన మామ

మా ఆదికేశవన్ మామకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కాకపోతే ఆట చూడడు. మ్యాచి ఉన్న ప్రతి ఆదివారం అందరికంటే ముందు మైదానానికి వెళ్ళి, మంచి చోట కుర్చీ వేసుకుని, దాన్ని వెనక్కి తిప్పి, ఆటకు వీపు పెట్టి కూర్చుంటాడు. తాను చూస్తే మన జట్టు మీద గోలు పడుతుందంటాడు. పుదుచ్చేరిలో ఇలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఉంటే ఆయన జట్టు కూడా ఓడిపోతూనే ఉంటుంది.

మన జట్టంటే కురుచికుప్పం బాయ్స్. అందరూ సముద్రానికి పోయే కుర్రాళ్ళే. తెల్లవారి వల, సాయంత్రం బంతి. మామకు బజారులో స్టీలు పాత్రల అంగడి. నేను ఇందిరా నగర్‌లో కాపురముండి, ఆఫీసులో ఫైళ్ళు తిప్పే గుమాస్తాను. వలతో మాకేం సంబంధం లేదు. బంతితో అంతకంటే లేదు. నేను జన్మలో ఒక్కసారి బంతిని తన్నాను, అది పోయి మురుగుకాలువలో పడింది. అయినా జట్టు గెలిస్తే ‘గెలిచాం’ అనీ, ఓడితే ‘ఓడారు’ అనీ చెప్పుకునే సిసలైన అభిమానిని.

మామ చూడడు గనక, చూసి చెప్పే ఉద్యోగం నాది.

“ఏంది రఘూ, బంతి యాడుండాది?”

“కుడిపక్క మామా.”

“నీ కుడా, నా కుడా?”

నేను మైదానం వైపు, ఆయన జనం వైపు. ఈ సందేహం తేలేలోగా బంతి ఎడమకు పోయేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. రెఫరీ ఈల వేస్తే “ఏందో అయింది మామా” అనేవాణ్ణి. “కానీలే” అని ఆయన గంభీరంగా తలూపేవాడు. ఇలా ఒకరికి తెలియని ఆటను ఇంకొకరు చూడకుండా ఇద్దరం ఏళ్ళ తరబడి ఆనందించాం.

ఇబ్బందల్లా మామకు ఎదురుగా కూర్చున్నవాళ్ళకే. ఆయన వాళ్ళ ముఖాలనే తదేకంగా చూస్తుండేవాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చిన ఒకాయన, ఈ పెద్దమనిషిని తన మామగారే పంపించారనుకుని మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

మన మీద గోలు పడిందా, మామ కుర్చీలోంచి లేచేవాడు. “నేను మెడ తిప్పి చూసినాను. తప్పు నాది” అని జనమందరికీ వినిపించేలా చెప్పేవాడు. అంతే, అంతవరకూ ఆటగాళ్ళ మీదున్న కోపమంతా ఆయన మీదికి మళ్ళేది. మర్నాడు అంగడికి వచ్చి తిట్టేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళకు స్టూలు వేసి, మజ్జిగ ఇచ్చి, తిట్టడం పూర్తయ్యాక ఇడ్లీపాత్ర చూపించేవాడు.

“ఆట చూడని మనిషికి ఆట కాడికి పొయ్యేదెందుకు? ఇంట్లోనే గోడ చూస్తా కూర్చోరాదా?” అనేది శివగామి అత్త.

“గోడ అరవదు గదా” అనేవాడు మామ.

ప్రపంచకప్పు ఫైనల్లో ఫ్రాన్సు ఓడిన ఏడాది అది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు గదా, సగం మంది సొంత అన్న ఓడిపోయినట్టు ముఖాలు వేలాడేసుకుని తిరిగారు. బజారులో ఎవరో అడిగారు, “ఏం ఆదికేశవన్, దాన్ని కూడా చూసినావా?” మామ తల దించుకుని, “కొంచెం చూసినాను” అన్నాడు.

ఆ ఏడాదే మన కురుచికుప్పం, ఎవరి కన్ను తప్పించుకుందో గాని, లీగు చివరి మ్యాచి దాకా పైనే నిలబడింది. ఆఖరి ఆట కిరుమాంబాక్కం జట్టుతో. ఓడకుండా బయటపడితే చాలు, లీగు మనదే.

ఇలాంటి రోజున మామ మెడను నమ్మడానికి జనం సిద్ధంగా లేరు. “కళ్ళకు గుడ్డ కట్టండి” అన్నారు. ఆయన సంతోషంగా తన తుండుగుడ్డే తీసిచ్చాడు. నేనే కట్టాను. నాలుగు మడతలు వేసి, వెనక రెండు ముళ్ళు బిగించాను. బాధ్యత గల అభిమానిని గదా.

మనవాళ్ళు ముందు ఒక గోలు కొట్టారు. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఇక ఆట ముగుస్తుందనగా ఒక నెమ్మదైన బంతి, చంటిపిల్లవాడు దొర్లించినట్టు, మన గోల్‌కీపర్ శరవణన్ వైపు వచ్చింది. అతను వంగాడు. బంతి చేతుల మధ్య నుంచి జారి, కాళ్ళ మధ్య నుంచి దూరి లోపలికి పోయింది. సమానం.

జనం లేచారు. శరవణన్ తల్లినీ తండ్రినీ కలిపి తిడుతూ కొందరు గీత దాకా దూసుకుపోయారు. అతను మోకాళ్ళ మీద కూలబడి, చేతి తొడుగులతో ముఖం కప్పుకున్నాడు.

అప్పుడు మామ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

“నేనే చూసినాను. వాణ్ణేమనొద్దు, తప్పు నాది.”

జనం ఇటు తిరిగారు. “ఈ ముసలాయన మళ్ళీ చూసేసినాడు” అని గోల. అందరికంటే ముందు తిట్టింది నేనే. “నీకేం పాపం చేసినాము మామా, ఈ ఒక్కదినం చూడకుండా ఉండలేవా?” అంటూ ఆయన భుజం పట్టుకున్నాను. పట్టుకున్నాక గాని ఆ ముఖం మీద గుడ్డ నా కంటికి కనబడలేదు. నాలుగు మడతలు, రెండు ముళ్ళు. వెంట్రుకవాసి కూడా జరగలేదు. అంత జనంలో అది ఒక్కరికీ కనబడలేదు. తిట్టేటప్పుడు మనిషికి ఎదుటివాడి కళ్ళు అవసరం లేదు కాబోలు.

అవతల శరవణన్ లేచి నిలబడ్డాడు.

నేను గబగబా ముడి విప్పబోయాను. రాలేదు. గోళ్ళతో లాగాను, పళ్ళతో కొరికాను. ఇంతలో జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు, వెంటనే ఆకాశం అదిరేలా అరిచారు, ఆ వెనకే ఆఖరి ఈల.

“ఏంది రఘూ, ఏమైంది?”

“తెలీదు మామా, ముడిని చూస్తా ఉండాను.”

పక్కనున్నాయన నన్ను కౌగిలించుకుని చెప్పాడు, శరవణన్ గోలు ఆపేశాడట, లీగు మనదేనట. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఘడియ వచ్చినప్పుడు నేను స్టీలు పాత్రల వ్యాపారి బుర్ర వెనక భాగం చూస్తున్నాను.

ఇంటికి నడుస్తూ అడిగాను. “గుడ్డ కట్టుకుని ఎట్ల చూసినావు మామా?”

“గుడ్డ పలచన.”

“నాలుగు మడతలు వేసినాను.”

మామ, ఎట్టకేలకు ఊడివచ్చిన తుండుగుడ్డను దులిపి భుజాన వేసుకున్నాడు. “వాడు పసివాడు. ఓడిపోయుంటే రేపు యాడ తల ఎత్తుకుంటాడు? నాకేంది, తిట్టేదానికి వచ్చినోళ్ళు ఒక చెంబైనా కొనుక్కుపోతారు” అన్నాడు.

గడపలోనే అత్త ఎదురైంది. “గెలిచినారంట గదా. ఆ పిల్లోడు ఎట్ల ఆపినాడు, చెప్పండి.”

నేను మామ వైపు చూశాను. ఇద్దరం వెళ్ళాం, ఒక్కరమూ చూడలేదు.

మామ చెప్పులు విడిచి, ఊంజలు బల్ల మీద ఊగుతూ తీరిగ్గా కూర్చున్నాడు. ముఖం మీద గుడ్డ అచ్చు ఇంకా ఎర్రగా ఉంది.

“ఏం చెప్పేది శివగామీ. శరవణన్ ఈ కొస నుంచి ఆ కొసకు గాల్లో ఎగిరినాడు. పక్షి మాదిరి. నేను కళ్ళారా చూసినాను.”