కొక్కేనికి వేలాడిన కోటు

గల్ఫ్‌లో, ఘాలా అనే చోట చేపల కోల్డ్ స్టోరేజీలో చేరిన కొత్తలో జరిగిందిది. లోపలికి వెళ్లేటప్పుడు వేసుకునే చలికోట్లన్నీ బయట కొక్కేలకు ఉంటే లోపల ఎవరూ లేరని గుర్తు. అప్పుడే తలుపు వేస్తారు. ఫోర్‌మన్ మల్లేశన్న అందరికీ మంచి కోట్లిచ్చి, నాకు మాత్రం చేయి చిరిగిన కోటు ఇచ్చాడు. అడిగితే, "పెండ్లికి పోతున్నవా ఏందిరా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ పంతంతో ఒకరోజు కోటు వేసుకోకుండానే లోపలికి వెళ్లాను. వెనక తలుపు పడింది.

లోపలి పిడి గడ్డకట్టి తిరగలేదు. అరిచాను, తలుపు గుద్దాను. చేతులు మొద్దుబారాయి. ఎదురుగా పెట్టెల మీద, ఆ చేపలు వచ్చిన ఉత్తర ధ్రువ ప్రాంతపు రేవు బొమ్మ ఉంది. మంచుకొండల కింద పడవలు, వలలు లాగుతున్న మనుషులు. అందరి ఒంటి మీదా కోట్లున్నాయి.

కాసేపటికి ఇంకో లోడ్ కోసం తలుపు తీసిన మల్లేశన్న అదిరిపడ్డాడు. "కోటు కొక్కేనికే ఉండె గద, నువ్వు బయటున్నవనుకున్న!" అన్నాడు. తప్పయిందని అనలేదు. ఈనాటికీ అనలేదు, నేనూ మరవలేదు. కానీ ఇప్పుడు తలుపు వేసేముందు మమ్మల్ని పేరుపేరునా పిలుస్తాడు. నేనూ ఆ చిరిగిన కోటే వేసుకుంటున్నాను. ఆ రేవులో వాళ్లకూ పైవాళ్ల మీద కోపాలు ఉండే ఉంటాయి. కోటు విప్పి మాత్రం ఎవరూ అలగలేదు.