డాక్టరుకు వినిపించిన మూలుగు

ఒక మనిషి పరువు గంగలో కలవడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా? సరిగ్గా తొమ్మిది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, నా పరువు పోయిన వైనం ఫోన్లో రికార్డయి ఉంది. రికార్డు చేసింది శత్రువులెవరూ కాదు. నేనే.

నాకు ఎనిమిదేళ్లుగా కీళ్లవాతం. ముసలివాళ్ల రోగం అనుకునేరు, నాకు ముప్పై దాటగానే వచ్చింది. తెల్లవారేటప్పుడు అది విశ్వరూపం చూపిస్తుంది. వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోతాయి. కొళాయి తిప్పలేను, జడ వేసుకోలేను. మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. బళ్లారి డాక్టరు నన్ను లోపలికి పిలిచేది ఎప్పుడు? ఒంటిగంటకు! అప్పటికి నా వేళ్లు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లా బుద్ధిగా ఉంటాయి.

మా ఊరు హచ్చొళ్ళిలో పొద్దున్నే బస్సెక్కి, సిరుగుప్పలో మారి, బళ్లారిలో దిగి, టోకెన్ పట్టుకుని మూడు గంటలు కూర్చుంటే లోపల దక్కేది రెండు నిమిషాలు. డాక్టరు కాగితం మీద నుంచి తల ఎత్తకుండా, "హేగిద్దీరమ్మా?" అంటాడు. ఎట్లా ఉన్నావని. దారి పొడవునా వల్లించుకున్న బాధలన్నీ ఆ క్షణాన ఆవిరైపోతాయి. నా నోరు నన్నడక్కుండానే, "బాగుండాను సార్" అనేస్తుంది.

"సరి. మూరు తింగళు బిట్టు బన్ని."

మూడు నెలల తర్వాత రమ్మని. అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేనేమో అమ్మ గిన్నె తీసుకొచ్చేలోపే తిన్నానని చెప్పి లేచిపోయే రకం.

ఒకసారి తిరిగొస్తూ బస్సులో మా అత్తకు కోపం వచ్చింది. నాకు ప్రతిసారీ తోడొచ్చేది ఆమే.

"ఏమ్మే, తెల్లారి ఏడ్చేది నా ముందర. బాగుండానని చెప్పేది ఆయప్ప ముందర. ఆ ఏడుపేదో ఆడ ఏడ్చరాదా?"

"ఆడికి పోయేతలికి నొప్పి ఉండదు కదత్తా!"

అప్పుడే నా బుర్రలో ఆ దిక్కుమాలిన మెరుపు మెరిసింది. నొప్పిని బళ్లారి దాకా తీసుకుపోలేకపోతే, దాని గొంతును తీసుకుపోతే పోలా?

తర్వాతిసారి వెళ్లడానికి రెండు రోజుల ముందు, తెల్లవారి ఆరున్నరకు, మంచంలోనే ఫోన్లో రికార్డింగు ఆన్ చేశాను. మూలిగాను. నిజంగా నొప్పే, కానీ డాక్టరుకోసం కదా అని కాస్త తాళింపు కూడా వేశాను. అంతా బాగానే ఉంది. ఆపడానికి వేలు వంగితే కదా! రెండుసార్లు పొడిచాను. ఫోను జారి దిండు పక్కన పడింది. ఆగిపోయిందనుకున్నాను. కాసేపటికి చార్జింగు అయిపోయి ఫోనే ఆరిపోయింది. మళ్లీ చార్జి పెట్టి మొదటి అర నిమిషం విని, "ఆహా, ఏం వచ్చింది!" అని మురిసిపోయి మూసేశాను.

పాఠకులారా, పెళ్లిచూపుల్లో కూడా మనం ఇంతకంటే ఎక్కువసేపు విచారిస్తాం.

బళ్లారిలో మా వంతు వచ్చింది. "హేగిద్దీరమ్మా?" అన్నాడు డాక్టరు, తల వంచుకునే. నేను ఫోను బల్ల మీద పెట్టి నొక్కాను.

"అమ్మా... వేళ్లు వంగడంల్యా... అమ్మో..."

కలం ఆగింది. నా గుండె పొంగింది. ఆ పొంగు చల్లారకముందే ఫోనులోంచి మా అత్త గొంతు:

"అయిందా రికార్డు?"

"అయిందత్తా. ఈసారన్నా తలకాయ ఎత్తుతాడేమో చూద్దాం. కోడి గింజలేరుకున్నట్ల ఎప్పుడు జూసినా రాస్తానే ఉంటాడు."

"నిజమేమ్మే. ఇన్నేండ్లయింది, ఆయప్ప మొగం ఎట్లుంటాదో నాకు తెల్దు. బట్టతల ఒగటే గుర్తు. బజార్లో కనపడినా, రోంత తల వంచప్పా అని అడిగితేగాని గుర్తుపట్టలేము."

నేను ఫోను మీదికి దూకాను. నాకంటే ముందు డాక్టరు అందుకుని, చెయ్యి పైకెత్తాడు.

"ఇరి, ఇరి. పూర్తి కేళోణ."

ఉండమ్మా, పూర్తిగా విందాం అని! ఎనిమిదేళ్లు వినని మనిషికి ఆ రోజే వినాలనిపించింది. ఫోనులో నేను ఆయన గొంతును అనుకరిస్తూ "మూరు తింగళు బిట్టు బన్ని" అన్నాను. బయట నిలబడిన నర్సు కిసుక్కుమంది. ఆ తర్వాత వచ్చింది అసలు పిడుగు.

"సరేగానీ, చోరనూరు నుంచి మా అక్క పంపించిన పసరు తాగుతాండావని చెప్తావా?"

"అయ్యో, వద్దత్తా! ఆయప్ప వారానికొకసారి మింగమన్న ఆదివారం మాత్ర మానేసి ఏడాదాయ. అది మింగితే రెండు దినాలు కడుపులో తిప్పుతాది, అన్నం దిగదు. ఆయప్పకు తెలిస్తే తిడతాడు."

ఇక నేల చీలితే బాగుండునని చూశాను. బళ్లారిలో అన్ని గనులు తవ్వారు, ఆ గదిలో మాత్రం ఒక్క గుంత లేదు.

రికార్డింగు అయిపోయింది. డాక్టరు తల ఎత్తాడు. అవును, ఎత్తాడు. ఆయనకు మీసం ఉంది.

"ఒందు పదం తెలీలే. బట్టతల అంద్రే ఏను?" అని కన్నడం కలిపిన తెలుగులో అడిగాడు. అంటే ఏమిటని.

"పెద్ద తల అని సార్" అన్నాను. "బాగా తెలివుండే తల."

"కాదులేప్పా" అంది మా అత్త, ఆయనకు మంచి తెలుగు నేర్పే ఉత్సాహంతో. "ఎంట్రికలు లేని తల."

డాక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ముందు మెల్లగా, తర్వాత కుర్చీ ఊగేలా నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం మారింది.

"రక్త పరీక్ష చెడ్డగా వస్తాంది, మందు చాలడంల్యా అని నేను డోసు పెంచుతా వచ్చినా. నీవు మింగనే లేదు! తిప్పుతాదని ఒక్క మాట చెప్పుంటే సూదిగా ఇచ్చేవాణ్ణి కదమ్మా."

"మీరు తిడతారని సార్..."

"నేను అడగలే, నీవు చెప్పలే. ఇద్దరిదీ తప్పే."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఈసారి తాళింపు లేని ఏడుపు. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు. పసరు ఆపమన్నాడు, లివరు పరీక్ష రాశాడు, మాత్ర బదులు వారానికో సూది రాశాడు. బయట టోకెన్ల వాళ్లు తలుపు కొడుతున్నా పాతిక నిమిషాలు కూర్చోబెట్టాడు. లేచేముందు మెల్లగా అడిగాడు:

"అమ్మా, ఆ రికార్డింగు నాకు పంపిస్తావా? మా ఇంట్లో వినిపిస్తా. నేను ఎవరి మాటా విననని మా ఆవిడ ఇరవై ఏండ్ల నుంచి చెప్తాంది. ఆమెకు సాక్షి దొరికినట్ల అయితాది."

పంపించాను. ఇప్పుడు నా మూలుగు ఇంకో కాపురంలో సాక్ష్యంగా చెలామణి అవుతోంది. మూడు నెలలకు కొళాయి నా చేతికి తిరిగింది.

కాబట్టి, ఈ వేళ్లు వంగినంత మేరకు చేతులు జోడించి, తుంగభద్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ డాక్టరును తిట్టాలన్నా ఫోను పక్కింట్లో పెట్టి వచ్చి తిడతాను. అది కూడా, మా అత్త ఊళ్లో లేని రోజు చూసుకుని.